వింతల వెనక చట్టం – చట్టం వెనక విమర్శ

పత్రికల్లో ఓ మూలన "మీకు తెలుసా?", "చరిత్రలో వింతలు" వంటి శీర్షికలు కనిపిస్తూ వుంటాయి. ఫలానా పాట పాడినందుకు ఫలానా వారిని బడినుంచి వెళ్లగొట్టారట, ఫలానా కావ్యాన్ని నూట యాభై ఏళ్ల తర్వాత పోలీసులు జప్తు చేశారట అని నాలుగు వాక్యాల్లో చెప్పి పాఠకుణ్ణి నవ్వించో ఆశ్చర్యపరిచో వదిలేస్తాయి. ఇలా చెప్పడం అమాయకమైన పని కాదు. ఒక సంఘటన నుంచి దాని కారణాన్ని తీసేస్తేనే అది వింత అవుతుంది. కారణాన్ని తిరిగి చేర్చగానే అది చరిత్ర అవుతుంది.

సాహిత్యానికీ చట్టానికీ మధ్య జరిగిన వ్యవహారాల్లో ఇటువంటి వింతలు ఎన్నో వున్నాయి. వాటిని గురించి మన వ్యాసాలు సాధారణంగా ఒకే మాట చెబుతాయి: పాలకవర్గం భయపడింది, నిషేధించింది అని. అది నిజమే. కాని సగం నిజం. పాలకవర్గానికి ప్రయోజనాలుంటాయి, పోలీసులుంటారు, జైళ్లుంటాయి. దానికి లేనిది సాహిత్య దృష్టి. ఏది బూతు, ఏది కావ్యం, ఏది కవిత, ఏది ఉత్త నినాదం అనే తీర్పులను అది తన కాలపు పండితుల దగ్గరా విమర్శకుల దగ్గరా అరువు తెచ్చుకుంటుంది. చట్టం చేతులు దానివే గాని కళ్లు మాత్రం తరచుగా మనమిచ్చినవే. ఈ ప్రతిపాదనను కొన్ని ఉదాహరణలతో పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం. దూరం పోనక్కరలేదు. తార్నాక నుంచే మొదలుపెట్టవచ్చు.

తీగ కంచె, జాగీరు నేల

తార్నాక పేరుకు జనం చెప్పుకునే అర్థం సూటిగా వుంటుంది. వుర్దూలో తార్ అంటే తీగ, నాకా అంటే కాపలా చౌకీ. పూర్వం ఇక్కడ ఓ నవాబుగారి తోట వుండేదనీ, దాని చుట్టూ తీగ కంచె, దారి దగ్గర చౌకీ వుండేవనీ, వాటి మీదనే ఈ పేరు వచ్చిందనీ కథ. ఈ కథలో నవాబు మిగిలాడు, కంచె మిగిలింది, కాపలా మిగిలింది. తోటలో పాదులు తీసినవాడు మిగలలేదు. వూరి పేరు కూడా ఓ శాసనం లాంటిదే. ఎవరి హద్దును గుర్తుపెట్టుకోవాలో అది చెబుతుంది.

తార్నాక కూడలి నుంచి ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణలోకి అడుగుపెడితే ఇంతకన్న పెద్ద వింత ఎదురవుతుంది. ఈ విశ్వవిద్యాలయాన్ని 1918లో ఏడవ నిజాం స్థాపించాడనీ, ఆర్ట్స్ కాలేజీ భవనం 1939లో ప్రారంభమైందనీ అందరికీ తెలుసు. ఆ భవనం లేచిన నేల ఒకప్పుడు అడిక్‌మెట్ జాగీరులో భాగమనీ, ఆ జాగీరు మహ్‌లఖా బాయి చందా అనే రాజనర్తకిదనీ స్థానిక చరిత్రకారులు చెబుతారు. ఈ ఆవరణలో ఆమె పేరు మీద పిలిచే మెట్ల బావి కూడా వుంది. మహ్‌లఖా 1768లో పుట్టి 1824లో చనిపోయింది. రెండవ, మూడవ నిజాంల కొలువులో గౌరవం పొందింది. వుర్దూలో గజళ్లు రాసి దివాన్‌గా కూర్చింది. ఆ దివాన్ ప్రతి ఒకటి బ్రిటిష్ అధికారి మాల్కం చేతికి వెళ్లి లండన్ చేరింది. ఆమె సమాధి దగ్గరలోనే, మౌలాలి గుట్ట కింద, తల్లికోసం తాను కట్టించిన సమాధి పక్కన వుంది.

చాలాకాలం వుర్దూలో దివాన్ కూర్చిన మొదటి స్త్రీ ఈమేనన్నారు. తరువాత, ఆమెకు ఓ ఏడాది ముందే లుత్ఫున్నిసా ఇమ్తియాజ్ అనే మరో స్త్రీ దివాన్ కూర్చినట్టు బయటపడింది. ఆమెదీ దక్కనే. ఎవరు మొదటివారన్న పోటీ నాకు ముఖ్యం కాదు. రెండు దివాన్లు వుండగా ఒక్కటి కూడా లేనట్టు సాహిత్య చరిత్ర ఎలా నడిచిందన్నది ముఖ్యం. వాటిని ఏ చట్టమూ నిషేధించలేదు. చదవనవసరం లేదని పండితులు అనుకున్నారు, అంతే.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. మరుగున పడిన రచయిత్రిని వెలికి తీసే వుత్సాహంలో ఆమె జాగీర్దారు కూడా అన్న సంగతి మరిచిపోకూడదు. ఆ గజళ్ల వెనక సంగీత సభలున్నాయి. సభల వెనక జాగీరు రాబడి వుంది. రాబడి వెనక పేరులేని రైతులున్నారు. జాగీర్లు 1949 ఆగస్టులో రద్దయ్యాయి. ఆ చట్టం పేరు చూడండి: హైదరాబాద్ జాగీర్ల రద్దు రెగ్యులేషన్, 1358 ఫసలీ. ఫసల్ అంటే పంట. పన్ను వసూలు సౌకర్యం కోసం పుట్టిన పంటల సంవత్సరం అది. రైతు మీద జాగీర్దారు పెత్తనం పోయిందని చెప్పే కాగితం మీద కూడా తారీఖు పన్ను లెక్కల్లోనే పడింది. దీన్ని వింతగా చెప్పి నవ్వుకోవచ్చు. పాత యంత్రాంగం కలంతోనే కొత్త చట్టం రాయబడిందని అర్థం చేసుకోవచ్చు కూడా.

రాధికాసాంత్వనం – రెండు కత్తిరింపులు

మహ్‌లఖా పుట్టేనాటికే తెలుగులో మరో రాజనర్తకి ప్రబంధం రాసింది. తంజావూరు మరాఠా రాజు ప్రతాపసింహుడి కొలువులోని ముద్దుపళని. ఆమె కావ్యం రాధికాసాంత్వనం. నాలుగు ఆశ్వాసాలు. తాను పెంచిన ఇళను కృష్ణుడికిచ్చి పెళ్లి చేసిన రాధ, తరువాత ఆ ఎడబాటును భరించలేక అలుగుతుంది. కృష్ణుడు ఆమెను అనునయిస్తాడు. కథ ఇంతే. కావ్యంలో కోరిక రాధది, అనునయించే పని కృష్ణుడిది. ప్రబంధ సంప్రదాయంలో తలకిందులైన విషయం ఇదే. మరో విశేషం, కవులు తండ్రి తాతల పేర్లు చెప్పుకునే చోట ముద్దుపళని తన అమ్మమ్మల, అత్తల పేర్లను గర్వంగా చెప్పుకుంది.

పందొమ్మిదో శతాబ్దంలో ఈ కావ్యానికి రెండుసార్లు కత్తెర పడింది. మొదటిది పండితుడి కత్తెర. 1887లో పైడిపాటి వెంకటనరసు పరిష్కరణలో పుస్తకం అచ్చయింది. 1907లో మళ్లీ అచ్చయింది. అందులో ముద్దుపళని తన గురించి, తన వంశంలోని స్త్రీల గురించి చెప్పుకున్న అవతారిక భాగం లేదు. కొన్ని పద్యాలూ లేవు. పోలీసు రాలేదు, కోర్టు పిలవలేదు. పరిష్కర్తే ఆ పని చేశాడు.

రెండోది విమర్శకుడి కత్తెర. కందుకూరి వీరేశలింగం తన ఆంధ్రకవుల చరిత్రలో ముద్దుపళని పాండిత్యాన్ని మెచ్చుకుంటూనే, ఈ కావ్యంలో చాలా భాగం స్త్రీలు వినదగినది కాదనీ, స్త్రీ నోట రాదగినది అసలే కాదనీ, ఆమెకు సిగ్గులేదనీ తీర్పు చెప్పారు. వితంతు వివాహాలకోసం, స్త్రీ విద్యకోసం ప్రాణం పెట్టిన సంస్కర్త, అభ్యుదయ సాహిత్యానికి ఆద్యుడుగా మనం చెప్పుకునే మనిషి ఆయన. ఆయన సంస్కరణ వుద్యమంలో వేశ్యా వ్యవస్థ మీద పోరాటం ఓ భాగం. ఆ పోరాటం న్యాయమైనదే. కాని వ్యవస్థ మీద కోపం ఆ వ్యవస్థలో పుట్టిన స్త్రీ గొంతు మీదికి మళ్లింది. గృహిణి చదువుకోవాలని కోరిన సంస్కరణే, గృహిణి కాని స్త్రీ రాసిందాన్ని చదువులోంచి తొలగించింది.

ఆ తరువాత 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ, తానూ అదే వృత్తి సమాజంలో పుట్టిన విదుషీమణి, రాతప్రతి సంపాదించి, వదిలేసిన భాగాలన్నీ చేర్చి, సమగ్రమైన ప్రతిని మద్రాసులో వావిళ్ల వారిచేత అచ్చు వేయించింది. పీఠికలో వీరేశలింగం గారికి సూటిగా జవాబిచ్చింది. సిగ్గు ఆడవాళ్లకు మాత్రమే సహజమా, మగవాళ్లకు అక్కరలేదా అని అడిగింది. పండితులు మెచ్చి చదివే పురుష కవుల కావ్యాల్లో ఇంతకన్న పచ్చివి లేవా అని అడిగింది. తెలుగు విమర్శలో లింగ వివక్ష మీద వచ్చిన తొలి సూటి ప్రశ్నల్లో ఇది ఒకటి. విమర్శ చరిత్రలు రాసినవారు చాలాకాలం దీన్ని విమర్శగా లెక్కించలేదు.

1911-12 ప్రాంతంలో బ్రిటిష్ ప్రభుత్వం శిక్షాస్మృతి కింద ఈ పుస్తకం మీద చర్య తీసుకుంది. ప్రతులు జప్తు చేసింది. వావిళ్ల వారూ పండితులూ అర్జీలు పెట్టుకున్నా నిషేధం నిలిచింది. నూట యాభై ఏళ్లనాటి కావ్యం హఠాత్తుగా బూతు పుస్తకం అయింది! వింతల శీర్షికకు ఇంతవరకు చాలు. ఇక కారణం చూడండి. తెలుగు రాని తెల్లదొరకు ఈ కావ్యంలో ఏముందో తెలిసే మార్గం లేదు. అతనికి చెప్పినవారు తెలుగు చదివినవారే. ఆ చెప్పడానికి కావలసిన మాటలు అప్పటికే సాహిత్య చరిత్రలో అచ్చయి సిద్ధంగా వున్నాయి. వీరేశలింగం గారు నిషేధం కోరారని నేననడం లేదు. ఆయన తీర్పుకూ నిషేధపు తర్కానికీ తేడా లేదంటున్నాను.

మద్రాసు ప్రధానిగా టంగుటూరి ప్రకాశం వుండగా ఈ నిషేధం తొలగింది. 1952లో వావిళ్ల వారు మళ్లీ అచ్చు వేశారు. నాగరత్నమ్మ కూడా 1952లోనే కన్నుమూసింది. నిషేధం తొలగిన కాలంలోనే, 1947లో, మద్రాసు శాసనసభ దేవదాసీ అంకిత నిషేధ చట్టం చేసింది. వ్యవస్థ రద్దయింది, వ్యవస్థలో పుట్టిన కావ్యం విడుదలైంది. రెండూ జరగవలసిన పనులే. అయినా పుస్తకం విడుదలైనంత మాత్రాన పాఠకుల దగ్గరికి చేరలేదు. 1991లో సూసీ తారు, కె. లలిత సంపాదకత్వంలో వెలువడిన 'విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా' మొదటి సంపుటం ఈ కథను విస్తారంగా చర్చించిన తరువాతనే విశ్వవిద్యాలయాల దృష్టి దానిమీద పడింది. ఆ సంపాదకులు హైదరాబాదులో పనిచేసినవారే. సూసీ తారు తార్నాకకూ ఉస్మానియాకూ మధ్యనున్న సీఫెల్‌లో, అంటే ఇప్పటి ఇఫ్లూలో, పాఠాలు చెప్పారు. మహ్‌లఖా నేల మీదనే ముద్దుపళని పునఃపఠనం జరిగిందన్నమాట. ఇది యాదృచ్ఛికం. కాని చట్టం నిషేధం ఎత్తేసిన తరువాత కూడా విమర్శ నిషేధం నలభై ఏళ్లకు పైగా నిలిచిందన్నది యాదృచ్ఛికం కాదు.

రథం మీద బొమ్మ, పుస్తకంలో పద్యం

బూతు పుస్తకాల మీద చర్యకు ఆధారమైనది శిక్షాస్మృతిలోని 292వ సెక్షన్. ఆ సెక్షన్‌లో ఒక మినహాయింపు వుంది. గుడి గోడల మీదా, దేవుణ్ణి వూరేగించే రథం మీదా చెక్కినవి, గీసినవి నేరం కావు. అంటే రాధాకృష్ణుల శృంగారం రాతిలో చెక్కితే భక్తి, కర్రలో చెక్కి వీధుల్లో వూరేగిస్తే వుత్సవం, పద్యంలో రాసి అర్ధరూపాయికి అమ్మితే నేరం. వలసపాలకుడికి మతంతో తగవు వద్దు. అచ్చుయంత్రంతో తగవు వుంది, ఎందుకంటే అచ్చు పుస్తకం ఎవరి చేతికి చేరుతుందో అతనికి తెలియదు.

ఈ మినహాయింపులోని వైరుధ్యాన్ని మనవాళ్లలో గట్టిగా పట్టుకున్నది తాపీ ధర్మారావు. 'దేవాలయాలపై బూతు బొమ్మలెందుకు?' అని 1936లోనే పుస్తకం రాశారు. ఆ బొమ్మలను చూసి సిగ్గుపడి తల దించుకోమని ఆయన చెప్పలేదు, భక్తితో చేతులు జోడించమనీ చెప్పలేదు. వాటి సామాజిక మూలాలు వెదికారు. వింతకు కారణం చేర్చడమంటే ఇదే. 1943లో తెనాలిలో జరిగిన అభ్యుదయ రచయితల తొలి మహాసభకు ఆయనే అధ్యక్షులు కావడం సముచితం.

బూతును కొలిచే కొలబద్ద మాటకొస్తే దాని పుట్టుక మరీ విడ్డూరం. 1868లో ఇంగ్లండులో హిక్లిన్ కేసులో ఆ కొలబద్ద తయారైంది. వివాదం శృంగార గ్రంథం గురించి కాదు. క్యాథలిక్ పూజారుల దగ్గర స్త్రీలు చేసే పాప నివేదన పద్ధతిని దుయ్యబడుతూ ప్రొటెస్టెంట్లు అమ్మిన కరపత్రం గురించి. తేలికగా చెడిపోయే మనసుల మీద పడితే చెరిచే గుణం వుందా అన్నదే పరీక్ష అని జడ్జి చెప్పాడు. అంటే పుస్తకం మంచిచెడ్డలు తేల్చడానికి ప్రమాణం మంచి పాఠకుడు కాదు. అందరికన్న బలహీనుడని దొరలు అనుకున్న పాఠకుడు. ఆ బలహీనుడెవరు? స్త్రీ, పిల్లవాడు, కూలివాడు. వర్గ దృష్టి ఇంత నగ్నంగా మరోచోట కనపడదు.

1960లో ఇంగ్లండు కోర్టులో లేడీ చాటర్లీ నవల నిర్దోషిగా బయటపడింది. అదే నవలను అమ్మినందుకు బొంబాయి పుస్తకాల వ్యాపారికి పడిన శిక్షను 1964లో మన సుప్రీంకోర్టు ఖాయం చేసింది. దొర వదిలేసిన కొలబద్దను మనం పట్టుకున్నాం. సాహిత్య, కళా, విజ్ఞాన ప్రయోజనాలకు సంబంధించిన మినహాయింపు 1969లో చేరింది. హిక్లిన్ పరీక్షను సుప్రీంకోర్టు పక్కన పెట్టింది 2014లో. ఇప్పుడు శిక్షాస్మృతి పోయి భారతీయ న్యాయసంహిత వచ్చింది. 2024 జూలై నుంచి అమలులో వుంది. పాత 292 అందులో 294 అయింది. రథం అలాగే కదులుతోంది.

1969 మినహాయింపు వల్ల మన బాధ్యత పెరిగిందని గమనించాలి. ఒక పుస్తకం సాహిత్యమా కాదా అని కోర్టు ఇప్పుడు బాహాటంగానే విమర్శకులను అడుగుతుంది. ఇదివరకు చాటుగా తీసుకున్న అరువు ఇప్పుడు చట్టబద్ధమైంది.

రంగస్థలం, వెండితెర

నాటకం మీద చట్టం పుట్టుక కూడా ఇటువంటిదే. వేల్సు యువరాజు కలకత్తా వచ్చినప్పుడు జగదానంద ముఖర్జీ అనే వకీలు ఆయన్ను తన ఇంటి అంతఃపురంలోకి ఆహ్వానించాడు. దానిమీద బెంగాలీ నటులు ఓ ప్రహసనం ఆడారు. వెంటనే ఆర్డినెన్సు, ఆ యేడే నాటక ప్రదర్శనల చట్టం. అది 1876. పరువు తీసేవి, ప్రభుత్వం మీద అసంతృప్తి రేపేవి, ప్రేక్షకులను చెరిచేవి ఆపవచ్చునన్నారు. చివరిమాట హిక్లిన్ తీర్పులోంచి దిగుమతి అయినదే. రాజద్రోహానికీ బూతుకూ ఒకే వాక్యంలో చోటిచ్చి, మొదటిదాన్ని రెండోదాని ముసుగులో శిక్షించే వీలు కల్పించారు.

సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన 'మాభూమి' నాటకాన్ని ప్రజానాట్యమండలి 1947లో ఆంధ్ర జిల్లాల వూరూరా ఆడితే మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. తెలంగాణ రైతు కథను తెరమీదికి తెచ్చిన 'మాభూమి' సినిమాకు, పేరు అదే అయినా, ఆధారం ఆ నాటకం కాదు. కిషన్ చందర్ వుర్దూ నవల. పేరు ప్రజలదైపోయింది గనుక రెండింటికీ సరిపోయింది. లక్నోలో ప్రేమ్‌చంద్ 'ఈద్గా' కథను నాటకంగా ఆడిన ఇప్టా కళాకారుల మీద ఇదే 1876 చట్టం ప్రయోగించారు. పండగనాడు బొమ్మలు కొనకుండా అవ్వకోసం పట్టకారు కొన్న పిల్లవాడి కథ అది! 1956లో అలహాబాద్ హైకోర్టు ఆ చట్టం రాజ్యాంగ విరుద్ధమని చెప్పింది. అయినా పుస్తకాల్లోంచి చట్టాన్ని కొట్టివేసింది 2017 నాటి రద్దుల చట్టంతోనే. యువరాజు పరువు కాపాడటానికి పుట్టిన చట్టం సామ్రాజ్యం పోయాక కూడా డెబ్బయి ఏళ్లు బతికింది.

సినిమాలో వైరుధ్యం మరో రకంగా కనబడుతుంది. గూడవల్లి రామబ్రహ్మం తీసిన 'రైతుబిడ్డ' (1939) జమీందారీ దోపిడీ మీద తీసిన చిత్రం. దానికి పెట్టుబడి పెట్టింది చల్లపల్లి జమీందారు. తోటి జమీందార్లు కోపగించుకున్నారు, కొన్ని జిల్లాల్లో ప్రదర్శన ఆగిపోయింది. జమీందారు డబ్బుతో జమీందారీ వ్యతిరేక చిత్రం ఎలా వచ్చిందని విద్యార్థులు నన్ను అడుగుతుంటారు. దాతృత్వంలో జవాబు వెదకడం దండగ. జమీందార్లలో అంతఃకలహాలున్నాయి. సినిమా అప్పటికే లాభాల వ్యాపారం. రైతు వుద్యమం బలంగా వుంది గనుక రైతు కథకు ప్రేక్షకులున్నారు. ఈ మూడు కలిసినచోట రామబ్రహ్మం తన పని చేసుకున్నారు. ప్రగతిశీల కళ స్వచ్ఛమైన వనరులతోనే పుడుతుందనుకునేవారు ఈ ఒక్క చిత్రం చరిత్ర చదవాలి.

పాడితే శిక్ష, పాడకపోతే శిక్ష

మళ్లీ విశ్వవిద్యాలయ ఆవరణకు వద్దాం. 1938లో ఉస్మానియా హాస్టల్‌లో విద్యార్థులు ప్రార్థనగా వందేమాతరం పాడుకుంటుంటే అధికారులు వద్దన్నారు. విద్యార్థులు వినలేదు. సమ్మె జరిగింది. వందలాది మందిని వెళ్లగొట్టారు. వారిలో చాలామందిని నాగపూర్ విశ్వవిద్యాలయం చేర్చుకుంది. తరువాత ప్రధానమంత్రి అయిన పి.వి. నరసింహారావు కూడా అలా వెళ్లినవారే. ఏ పాట పాడినందుకు 1938లో చదువు పోయిందో, ఆ పాటకు 1950 జనవరి 24న రాజ్యాంగ సభలో జాతీయగీతంతో సమాన గౌరవం ప్రకటించారు. పన్నెండేళ్లలో పాటలో ఒక్క అక్షరం మారలేదు.

దీనికి జంటగా మరో కేసును చెప్పాలి. 1985లో కేరళలో ముగ్గురు పిల్లలను బడినుంచి తీసేశారు. జాతీయగీతం పాడేటప్పుడు లేచి మర్యాదగా నిలబడ్డారు. కాని తమ మత విశ్వాసం ప్రకారం నోరు విప్పలేదు. అదీ వాళ్ల నేరం. 1986లో సుప్రీంకోర్టు వాళ్లను తిరిగి చేర్చుకోమంది. తీర్పు రాసిన న్యాయమూర్తి తెలుగువాడు, ఓ. చిన్నపరెడ్డి. ఉస్మానియా పిల్లలు పాడినందుకు బయటికి పోయారు, కేరళ పిల్లలు పాడనందుకు. రెండు చోట్లా అధికారం ఒకే పొరపాటు చేసింది. పాటను విధేయతా పరీక్షగా చదివింది. పాట మీద నిషేధానికీ పాట మీద నిర్బంధానికీ మూలం ఒకటే. ఉస్మానియా ఘటనను దేశభక్తి గాథగా మాత్రమే చెప్పుకునేవారు, రెండో సంఘటన దగ్గరికి వచ్చేసరికి మౌనం వహించడం చూస్తున్నాం.

కవితే సాక్ష్యం

చివరి వుదాహరణ మనకు మరీ దగ్గరిది. 1974లో సికిందరాబాద్ కుట్రకేసు పెట్టారు. ముద్దాయిల్లో ఆరుగురు రచయితలు: కె.వి. రమణారెడ్డి, త్రిపురనేని మధుసూదనరావు, వరవరరావు, చెరబండరాజు, ఎం.టి. ఖాన్, ఎం. రంగనాథం. వారి రచనలూ వుపన్యాసాలూ కుట్రకు సాక్ష్యాలయ్యాయి. కేసు పదిహేనేళ్లు నడిచింది. 1989లో కొట్టేశారు. అప్పటికి చెరబండరాజు చనిపోయి ఏడేళ్లు. నిర్దోషి అన్న మాట వినడానికి కవి లేడు.

ఇందులో విమర్శ పాత్ర ఏమిటని అడగవచ్చు. ఆ కాలపు సాహిత్య వ్యాసాలు తిరగేయండి. "ఇది కవిత్వం కాదు, నినాదం" అన్న వాక్యం ఎన్నిచోట్ల కనబడుతుందో లెక్కపెట్టండి. అన్నవారిలో చాలామందికి అది శిల్పచర్చ మాత్రమే. శిల్పం గురించి మాట్లాడే హక్కు వారికుంది, ఆ చర్చ మనకు అవసరం కూడా. కాని కుట్రకేసు నడవడానికి సరిగ్గా ఆ మొదటి మెట్టే కావాలి. కవిత్వమైతే అందులో వూహ వుంటుంది, పాత్ర వుంటుంది, ధ్వని వుంటుంది, అర్థాలు పలురకాలుగా వుంటాయి. కవిత్వం కాదని ఒప్పుకుంటే మిగిలేది ఉత్త పిలుపు. పిలుపైతే చర్య, చర్య అయితే సెక్షన్. ముద్దుపళని విషయంలో "ఇది కావ్యం కాదు, బూతు" అన్న తర్కం, ఇక్కడ "ఇది కవిత కాదు, నినాదం" అన్న తర్కం, రెండూ ఒకే పని చేశాయి. రచనను సాహిత్యపు గడప దాటించి పోలీసుస్టేషను వాకిట నిలబెట్టాయి.

విమర్శకుడు ఇకపై ఏ రచననూ బాగులేదనకూడదని దీని అర్థం కాదు. బాగులేని కవితను బాగులేని కవిత అనాలి. అది కవితే కాదని తోసెయ్యడం వేరు. మొదటిది తోటి రచయితతో చర్చ. రెండోది అతని మీద నుంచి మన రక్షణ తీసెయ్యడం. ఈ తేడా చదువుకునే రోజుల్లోనే అలవాటు కావాలి.

సాహిత్య విద్యార్థులకు నా సూచన ఒకటే. నిషేధానికి గురైన ఏ రచన కథ వినపడినా, వింతగా చెప్పి వదిలేయకుండా కొన్ని ప్రశ్నలు వేయండి. ఫిర్యాదు చేసిందెవరు? అధికారికి ఆ రచనను చదివి వినిపించిందెవరు? ఫిర్యాదులోని మాటలు అంతకుముందు ఏ విమర్శలో అచ్చయ్యాయి? పోలీసు రాకముందే పరిష్కర్త తీసేసింది ఏమిటి? నిషేధం పోయిన తరువాత పాఠ్యపుస్తకాల్లోకి రావడానికి ఎన్నేళ్లు పట్టింది? ఈ ప్రశ్నలకు జవాబులు ప్రభుత్వ గెజెట్లలో కొన్ని దొరుకుతాయి. మిగిలినవి మన పీఠికల్లో, కవుల చరిత్రల్లో, సమీక్షల్లో దొరుకుతాయి.

నాగరత్నమ్మ 1910లో చేసింది ఈ పనే. తీసేసిన పద్యాలు వెదికి చేర్చింది. తీసేసినవారిని పేరుపెట్టి అడిగింది. సంస్కర్త అని భయపడలేదు, గౌరవమూ తగ్గించలేదు. అభ్యుదయ విమర్శ తన పూర్వీకుల జాబితా తయారు చేసుకునేటప్పుడు వీరేశలింగం గారి పక్కన ఆమె పేరు కూడా రాసుకోవాలి. ఇద్దరూ ఒకే జాబితాలో వుంటే ఇబ్బందిగానే వుంటుంది. ఆ ఇబ్బందిని భరించి చదవడం నేర్చుకోవాలి.